బోర్డు పెడితే పింఛన్ పోతదా?

వరంగల్ కొత్తవాడలో మా గల్లీ చివరింట్లో ఒక రేకు బోర్డు రెండేళ్లుగా బీరువా వెనక నిలబడి ఉంది. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలతో ‘లేడీస్ టైలర్’ అని రాసి ఉంటుంది. భర్త పోయిన ఇల్లాలు ఆశపడి రాయించుకుంది, గోడకు మాత్రం కొట్టలేదు. “అన్నా, బోర్డు పెడితే షాపున్నట్టు రాసుకుంటరట. పింఛన్ తీసేస్తే మల్ల ఎవరిస్తరు?” అని నన్నడిగింది. సర్వేకు ఎవరో వచ్చారని తెలిస్తే చాలు, కుట్టుమిషన్ మీద పాత చీర కప్పేస్తుంది. సగం కుట్టిన జాకెట్లు మంచం కిందికి పోతాయి. దొంగసొత్తు దాచినట్టు తన రెక్కల కష్టాన్ని దాచుకుంటోంది. చూస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది.

ఆమెది ఉత్త భయం కాదు. 2014 నవంబరులో వచ్చిన ఆసరా పింఛన్ మార్గదర్శకాలు తీసి చదవండి. పెద్ద వ్యాపారం ఉంటే అనర్హులే అంటూ ఆయిల్ మిల్లు, రైస్ మిల్లు, పెట్రోల్ బంకు, బోరు రిగ్గుల వరసలోనే షాపు ఓనర్లనూ చేర్చారు. ఏ షాపు పెద్దది, ఏది చిన్నది? ఆ లెక్క అందులో లేదు. పిల్లలు స్వయం ఉపాధిలో ఉన్నా అనర్హతే. అదీ చాలదన్నట్టు, బతికే తీరు, చేసే పని చూసి తనిఖీకి వచ్చిన అధికారే తేల్చేయొచ్చు. రైస్ మిల్లు యజమానినీ హుక్కులు కుట్టే ఆడమనిషినీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం?

పింఛన్ నెలకు 2,016 రూపాయలు. రోజుకు 67. కానీ ఆ ఇంట్లో లెక్కపెట్టుకోగలిగిన డబ్బు అదొక్కటే. బతుకమ్మకూ మాఘమాసం పెళ్లిళ్లకూ అర్ధరాత్రి దాటినా మిషన్ ఆగదు. ఆషాఢంలో పికో, ఫాల్ తప్ప పనుండదు. బతుకమ్మ వారంలో వచ్చి చూసినవాళ్లకు ఆమె కలిగినదానిలాగే కనపడుతుంది. ఆషాఢంలో ఎవరొచ్చి చూస్తారు?

సొంత పని ఈ ఊరికి సరదాగా రాలేదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక, నెల జీతం పోయిన ఇళ్లు ఏదో ఒక చేతిపని పట్టుకునే నిలబడ్డాయి. ఆ సొంత పనినే ఇప్పుడు ప్రభుత్వమూ ప్రోత్సహిస్తామంటోంది. 2024 నవంబరు 19న హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో మహిళా శక్తి పేరిట భారీ సభ జరిగింది. కోటిమంది మహిళలను కోటీశ్వరులను చేస్తామన్నది ఈ ప్రభుత్వం మాట. మహిళా సంఘాల లోన్లు ఇస్తున్నారు, బడిపిల్లల యూనిఫాంలు కుట్టిస్తున్నారు. మంచిదే. మరి అదే ప్రభుత్వం కాగితాల్లో ‘షాపు’ అన్న మాట ఇంకా ఎందుకుంది? మిషన్ కొనుక్కోమని లోన్ ఇచ్చి, మిషన్ కనపడితే పింఛన్ పోతుందన్న భయంలో ఉంచుతారా?

బ్రిటన్‌లో సాయం పొందుతూ సొంత పని మొదలుపెట్టినవాళ్లకు నిలదొక్కుకోవడానికి 12 నెలల గడువు ఉంటుంది. సంపాదన పెరిగేకొద్దీ సాయం కొంచెం కొంచెంగా తగ్గుతుంది, ఒక్క వేటుతో తెగిపోదు. మన దగ్గర ఆ పని ఎందుకు కాదు? ‘షాపు’ అన్న మాట కొట్టేసి ఏడాది ఆదాయం ఎంతో రాయండి. పని మొదలుపెట్టిన రెండేళ్లు పింఛన్ జోలికి రాకండి. గిరాకీ లేక పని మూతపడితే, మళ్లీ దరఖాస్తు పట్టుకుని తిరగకుండానే పింఛన్ వచ్చేలా చూడండి. జీవోలో అచ్చేయండి. ఆ కాగితం నేనే తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపిస్తాను, గోడకు మేకులూ నేనే కొడతాను.