అతుకుల బొంత తిట్టు కాదు

పొద్దున పేపర్ చదివేటప్పుడు మాకు తరచుగా ఎదురయ్యే మాట ఒకటుంది. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే అది ‘అతుకుల బొంత’. అక్కడో పేరా ఇక్కడో పేరా తెచ్చి అతికించిన వ్యాసం ‘అతుకుల బొంత’. పొందిక లేనిది, ఎప్పుడు విడిపోతుందో తెలియనిది అని చెప్పడానికి ఈ మాట వాడుతారు. ఇది రాసినవాళ్ళు ఎప్పుడైనా బొంత కప్పుకొని పడుకున్నారా అని మా అనుమానం. మేమెరిగిన బొంత విడిపోదు. పై చీర చినిగిపోతే దాని మీద ఇంకో చీర పడుతుంది గాని బొంత మాత్రం పోదు. మాలో కొందరి ఇళ్ళలో మా కంటే వయసులో పెద్దవైన బొంతలున్నాయి.

అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి మిగతా మిత్రులు రాస్తారని వదిలేసి, మేము బొంత గురించి రాయదలుచుకున్నాం. నవ్వేవాళ్ళు నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకోవాలి. మాలో చాలామందిమి ఆరో తరగతి నుండే హాస్టళ్ళలో ఉన్నవాళ్ళం. చేరిన రోజు నాయన ట్రంకుపెట్టె మోసుకొస్తే, అమ్మ చంకలో బొంత చుట్టుకొని వచ్చింది. గదిలో అందరి ముందు ఆ బొంత విప్పడానికి మాకు సిగ్గేసింది. కొందరు షాపులో కొన్న చెద్దర్లు తెచ్చుకున్నారు. వాటి మీద పులుల బొమ్మలు, గులాబీ పూల బొమ్మలు. మా బొంత మీద అమ్మ కట్టి విడిచిన చీరలు, నాయన లుంగీ, అన్న నిక్కరు గుడ్డ. ఆ రాత్రి బొంతను పెట్టె వెనక దాచిపెట్టి, చలికి ముడుచుకొని పడుకున్నవాళ్ళం మాలో ఒక్కరు కాదు. అమ్మ చేతి పనిని మేమే దాచిపెట్టాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గు ఆ బొంత గురించి కాదు, మా గురించి.

ఇక బొంత ఎలా పుడుతుందో చెప్తాం. ఎండాకాలం పనులు తగ్గినప్పుడు వాకిట్లో ఒక గట్టి చీర పరుస్తారు. అది అడుగు. దాని మీద చినిగినవి, పీలికలైనవి, ఎందుకూ పనికిరానివి సర్దుతారు. ఎక్కడ పలచగా ఉంటే అక్కడ ఒక ముక్క ఎక్కువ వేస్తారు. పైన మళ్ళీ కాస్త మంచి చీర. గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెడతారు. అప్పుడు తలా ఒక వైపు కూర్చొని, పెద్ద సూదితో అంచు నుండి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. ఒక వరుస అయ్యాక దాని పక్కనే ఇంకో వరుస. చతురంలో చతురం, దానిలో ఇంకో చతురం. నడిమికి వచ్చేసరికి బొంత అయిపోతుంది, ఊళ్ళో ముచ్చట్లు కూడా అయిపోతాయి.

దీనికి కాగితం మీద గీసిన డిజైన్ లేదు. టేపు లేదు. మాలో ఒకామె వాళ్ళ అవ్వను “ఎన్ని మూరలు కుట్టాలె అవ్వా?” అని అడిగితే, “మూరలెందుకు బిడ్డా, కాళ్ళు మునిగితె సాలు” అన్నదట. ఉన్న గుడ్డను బట్టి బొంత. ఎర్ర ముక్క అయిపోతే పచ్చ ముక్క. ముక్క చాలకపోతే ఇంకో ముక్క అతుకుతారు. ముందుగా అనుకున్నది ఒకటి, చివరికి వచ్చేది ఇంకొకటి. అయినా అంతా పరిచి చూస్తే కళ్ళకు ఇంపుగానే ఉంటుంది. ఆ ఇంపు ఎక్కడి నుండి వచ్చింది? చేసే చేతికి, చూసే కంటికి రంగు తెలుసు కాబట్టి వచ్చింది. దానికి సర్టిఫికెట్ లేదు, అంతే.

ఈ ఆనందం మాకు పుస్తకంలో తెలియలేదు. చేసి తెలుసుకున్నాం. ఒక సంవత్సరం చలికాలంలో మాకు రావలసిన దుప్పట్లు ఆలస్యమయ్యాయి. కిటికీలకు అట్టలు పెట్టుకొని, ఇద్దరిద్దరు ఒక దుప్పట్లో పడుకున్నాం. అప్పుడు దాచిన బొంతలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. పులుల చెద్దరు కప్పుకునే మిత్రురాలు కూడా “నన్ను నీ బొంతలో పడుకోనీయవే” అని బతిమాలింది. తర్వాతి ఆదివారం మా వంట ఆయమ్మ మమ్మల్ని చూసి, “ఇంతమంది ఆడపిల్లలున్నరు, ఒక్క సూది పట్టరాదా?” అని కోప్పడింది. అట్లా మొదలైంది మా కుట్టు.

పాత యూనిఫారం చున్నీలు, పొట్టివైపోయిన లంగాలు, రంగు వెలిసిన నైటీలు పోగు చేశాం. బజారులో దర్జీ దగ్గర కటింగ్ ముక్కలు సంచినిండా తెచ్చుకున్నాం. మొదట స్కేలు పెట్టి ముక్కలన్నీ సమానంగా కోద్దామని చూశాం. సగం గుడ్డ వృథా అయింది. ఆయమ్మ కత్తెర లాక్కొని, “ముక్కను కొయ్యకు, ముక్క ఎటు పొమ్మంటె అటు పో” అన్నది. జాకెట్టు చంక దగ్గర కోసిన వంపు ముక్కకు పక్కన ఏ ముక్క కుదురుతుందో వెతకడం, రెండు కలిపితే అనుకోకుండా చేప ఆకారం రావడం, అందరం పగలబడి నవ్వడం, ఇవన్నీ ఆ మధ్యాహ్నాలవి. లెక్కల్లో వెనకబడిన మా మిత్రురాలే మూలలు కుదర్చడంలో అందరికంటే ముందుంది. హాస్టల్లో ఒక మూల దుమ్ము పట్టిన తొక్కుడు మిషన్ ఉంటే నూనె పోసి బాగుచేశాం. నాలుగు పొరలు దాటితే సూది విరిగిపోతున్నది. అందుకని ముక్కలు మిషన్ మీద అతికి, పొరలు చేత్తో కుట్టాం. వేళ్ళకు సూదులు గుచ్చుకున్నాయి. మొదటి బొంత ఒక వైపు జానెడు పొడవు, ఒక వైపు పొట్టి. ఇప్పటికీ అందరం కొట్లాడుకునేది ఆ బొంత కోసమే.

ఆ తర్వాత చేతులు ఊరుకోలేదు. మిగిలిన ముక్కలతో పుస్తకాల సంచులు, దిండు గలీబులు, మసిగుడ్డలు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు కుట్టాం. తెగిన గుండీ కోసం, ఊడిన చీర ఫాల్ కోసం ఇప్పుడు మేము బజారుకు పోవడం లేదు. చేసిన వస్తువు కంటే, ఇది నేను చేయగలను అన్న ధీమా పెద్దది.

ఇదంతా మా ఊళ్ళ సంగతి మాత్రమే అనుకున్నాం. కానీ ప్రపంచంలో మాకు చుట్టాలున్నారని తర్వాత తెలిసింది. మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది, బీహార్‌లో సుజని, బెంగాల్‌లో కాంథా అన్నీ బొంతకు అక్కచెల్లెళ్ళే. బెంగాల్ ఆడవాళ్ళు పాత చీర అంచుల్లోంచి రంగుదారం పోగులు లాగి, ఆ దారంతోనే పూలు, పక్షులు కుట్టేవారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీలు ఆఫ్రికా నుండి వచ్చినవారి సంతతి. వాళ్ళ ఆడవాళ్ళు కూడా మన అవ్వల లాగానే అంచు నుండి నడిమికి కుడతారు. నాలుగు మూలలా గుడ్డను మడిచి పూలు పెట్టనిదే వాళ్ళ లెక్కలో బొంత పూర్తి కాదు.

ఇంకా దూరపు చుట్టాలు అమెరికాలో ఉన్నారు. అలబామా రాష్ట్రంలో అలబామా నది వంపులో గీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి ప్రజలు పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవారి వారసులు. చలికి తట్టుకోవడానికి ఆ ఊరి ఆడవాళ్ళు పాత పని బట్టలు, పిండి సంచులు, జీన్స్ గుడ్డలు కలిపి బొంతలు కుట్టారు. ఒక పద్ధతికి ‘ఇంటికప్పు’ అని పేరు. అది చతురంలో చతురం, అచ్చం మన కుట్టు వరుసల వలెనే. ఎవరికి తోచినట్టు వాళ్ళు కుట్టినదానికి ‘నా పద్ధతి’ అని పేరు. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆమె చనిపోయిన భర్త పని బట్టలన్నిటినీ కలిపి ఒక బొంత కుట్టుకుంది, ఆయన గుర్తుగా కప్పుకోవడానికి. ఇది చదివినప్పుడు మా గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నాయన లుంగీ ఉన్న బొంతలు మా దగ్గర కూడా ఉన్నాయి.

ఆ ఊరివాళ్ళకు కుట్టు ఒక్కటే బతుకు కాదు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరికి వచ్చారు. ఆ ఊరివాళ్ళు ఓటు హక్కు కోసం ఉద్యమంలో నడిచారు. 1966లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు కలిసి బొంతలు కుట్టి అమ్మే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో వాళ్ళ బొంతలను హ్యూస్టన్‌లో, న్యూయార్క్‌లో పెద్ద మ్యూజియంల గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా ప్రభుత్వం వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేసింది. అయితే పేరు వచ్చినంత మాత్రాన న్యాయం జరగదు. 2007లో వారిలో కొందరు తమకు రావలసిన వాటా కోసం, హక్కుల కోసం కోర్టుకు కూడా వెళ్ళవలసి వచ్చింది. బొంతను మెచ్చుకునేవాళ్ళు కుట్టిన చేతిని మరిచిపోతారన్నది అక్కడా నిజమే, ఇక్కడా నిజమే.

ఇప్పుడు మామీద వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

“గతి లేనమ్మకు గంజే పానకం అన్నట్టు, లేనితనాన్ని గొప్పగా చెప్పుకుంటున్నారు” అని కొందరంటారు. మేము లేనితనాన్ని పొగడటం లేదు. బొంత ఉన్నది కదా అని దుప్పటి ఇవ్వకుండా ఊరుకుంటే మేము ఒప్పుకోం. దుప్పటి మా హక్కు. సమయానికి రావాలి. బొంత మా ఇష్టం. హక్కు ఇవ్వనివాళ్ళకు మా ఇష్టం సాకు కాగూడదు.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. “మీకు కుట్టు నేర్పితే సరిపోతుంది, పెద్ద చదువులెందుకు?” అనే మాట మా అక్కలు విన్నారు, మేమూ విన్నాం. డాక్టరు కావాలనుకున్న పిల్లకు కుట్టుమిషన్ చూపించి సర్దిచెప్పే పద్ధతి ఒకటున్నది. దాన్ని మేము పూర్తిగా వ్యతిరేకిస్తున్నాం. సూది చదువుకు బదులు కాదు. పరీక్షల ముందు రాత్రి మేము సూది ముట్టం. కానీ వారానికి ఒక మధ్యాహ్నం చేతులతో ఒక వస్తువు చేసి, దాన్ని చూసుకొని సంతోషపడటం చదువుకునే పిల్లల హక్కు కూడా. డబ్బున్న బడుల్లో దాన్ని ఆర్ట్ క్లాసు అంటారు. మా దగ్గరికి వచ్చేసరికి అదే ఉపాధి శిక్షణ ఎందుకవుతుంది? మాకు ఉపాధి లెక్క లేకుండా కూడా కుట్టుకునే తీరిక కావాలి.

మూడోది, ఇది ఆడపిల్లల పని కదా అనేది. మా ఊళ్ళల్లో మిషన్ మీద కూర్చునే దర్జీలు ఎక్కువగా మగవాళ్ళే. డబ్బులొచ్చే కుట్టు మగవాళ్ళది, డబ్బులు రాని కుట్టు ఆడవాళ్ళది అయింది. బాలుర హాస్టల్ అన్నదమ్ములారా, మీ చొక్కా గుండీ మీరు కుట్టుకోండి. మీ బొంత మీరు కుట్టుకోండి. అమ్మ కంటి చూపు తగ్గిపోతున్నది.

చివరిగా మా ప్రతిపాదనలు. ప్రతి హాస్టల్‌లో ఒక పెట్టె ఉండాలి. అందులో సూదులు, దారపు ఉండలు, రెండు మంచి కత్తెర్లు. పాత మిషన్ ఉంటే బాగు చేయించాలి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు, ఇష్టమున్నవాళ్ళకే, మార్కులు లేకుండా, పోటీ లేకుండా, బహుమతులు కూడా లేకుండా. నేర్పడానికి బయటినుండి ఎవరూ రానక్కర లేదు. మన ఆయమ్మలున్నారు, సెలవులకు పోతే మన అవ్వలున్నారు. వాళ్ళను అడగండి. వాళ్ళు పోయాక అడుగుదామంటే కుదరదు.

ఈ సంవత్సరం డిగ్రీ పూర్తి చేసి వెళ్ళిపోయే మేము పదకొండుమందిమి కలిసి ఒక బొంత కుట్టాం. తలా ఒక పాత బట్ట వేశాం. నీలం యూనిఫారం ముక్క, మొదటి సంవత్సరం కొత్తగా కొనుక్కున్న చుడీదార్ ముక్క, ఒకామె అమ్మ చీర కొంగు. ఒక మూల ఇంకా ఖాళీగా ఉన్నది, గుడ్డ చాలక కాదు. దాన్ని మా తర్వాత వచ్చేవాళ్ళు పూర్తి చేయాలి. జూన్‌లో కొత్తగా చేరే పిల్లల్లో ఎవరైనా దుప్పటి లేకుండా వస్తే ఆ బొంత ఆమెకివ్వండి. ఎండాకాలంలో బాగా ఎండకు వేయండి, లేకపోతే కుట్లలో నల్లులు చేరతాయి. ఉతికినప్పుడు ఇద్దరు పట్టి పిండండి, తడిస్తే చాలా బరువు.

పేపర్లో మళ్ళీ ‘అతుకుల బొంత’ అని కనిపిస్తే మాత్రం ఎడిటర్ గారికి ఒక కార్డు ముక్క రాయండి, ఆ మాట తిట్టు కాదని.