యూరియా చల్లిన తరువాత రెండు దినములు



యూరియా బస్తా ఇల్లు చేరినదనిన పైరుకు బలము చేరినట్లేయని మనలో చాలమంది తలచుచున్నారు. నా అభిప్రాయము వేరు. వరి మడిలో యూరియా చల్లిన తరువాత గడచు రెండు మూడు దినములే దాని ఫలితమును చాలవరకు నిర్ణయించును. ఆ దినములలో నీరు ఎంత ఉండవలెనో తేల్చుకొను వీలు రైతుకు లేనప్పుడు, ఎరువు దుబారా చేసితివని అతనిని నిందించుట న్యాయము కాదు.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. దీనిని శుభ్రమైన నీటిలో కరగించి కదపక ఉంచినచో ఏండ్ల తరబడి చాలవరకు యూరియాగానే నిలుచును. పొలములో మాత్రము కొద్ది దినములకే అమ్మోనియాగా మారును. ఇంత తేడా ఎందువలన?

చెరువును తలచుకొనుడు. నీరు పైన, ఆయకట్టు క్రింద. నీరు దిగుటకు సిద్ధముగనే ఉన్నను కట్ట అడ్డుగా నున్నది. రసాయనపు మార్పులకును ఇట్టి శక్తికట్ట యొకటి కలదు. వేడి పెరిగిన కొలది ఎక్కువ అణువులు కట్టను పొర్లి దాటును. మట్టిలోని సూక్ష్మజీవుల వలన కలుగు యూరియేజ్ అను ఎంజైము తూము తెరచినట్లు క్రిందినుండియే దారి చూపును. చెరువుకును పొలమునకును గల ఎత్తుపల్లము మారదు. దిగు వేగమే మారును. 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ ఒక జాతి చిక్కుడు గింజల నుండి ఈ యూరియేజ్‌నే స్ఫటికములుగా వేరుచేసెను.

నిలువ నీటిలో చల్లిన యూరియాకు ఈ వేగమే చేటు. పగటి ఎండలో పాచి నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనగా నీటికి క్షారగుణము హెచ్చును. అప్పుడు అమ్మోనియా గాలిలోనికి లేచిపోవును.

"వేపపూత ఉన్నది గదా!" అనువారు కలరు. 2015లో దేశములో తయారగు యూరియాకంతకు వేపనూనె పూత తప్పనిసరి చేసిరి. మంచిదే. అయితే వేప ముఖ్యముగా నిదానింపజేయునది తరువాతి మెట్టును, అనగా నైట్రేటుగా మారుటను. గాలికి లేచు అమ్మోనియాను అది పట్టి ఉంచదు.

ఆ అమ్మోనియా ఊరక వచ్చినది కాదు. రామగుండములో 2021 నుండి నడచుచున్నటువంటి కర్మాగారములలో నత్రజనిని ఉదజనితో కలుపుదురు. కలియునపుడు వేడి వెలువడునే గాని, ముందున్న కట్ట మహా ఎత్తు. ఇనుప ఉత్ప్రేరకము, 400 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతపు వేడి, వాతావరణమునకు నూరు రెట్లకు మించిన ఒత్తిడి, ఇన్ని కావలెను. అంత ఖర్చును మధ్యాహ్నపు గాలికి వదలుచున్నాము.

కనుకనే నీరు తీసివేసి బురద పదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టుడని మా శాఖవారము చెప్పుచున్నాము. అట్లు చేసినచో ఎరువు బురదలోనికి ఇంకి బంకమట్టిని అంటుకొనును. సలహా సరియైనదే. కాని కాలువ చివరి రైతు దీనిని పాటింపగలడా? నేడు నీరు వదలినచో మరల వంతు ఎన్నడో! పైరు ఎండుట కంటె ఎరువు పోవుటయే మేలని అతడు నిండు మడిలోనే చల్లును. అది మూర్ఖత్వము కాదు, లెక్క. (బోరు క్రింద సాగుచేయువారు మాత్రము ఈ సాకు చెప్పరాదు.)

గ్రామాధికారులు, నీటి సంఘములవారు దీనిని తమ పనిగా ఎంచవలెను. పిలకల దశలోను, అంకురపు దశలోను నీరు వచ్చు తేదీని నాలుగు దినములు ముందుగా చాటింపు వేయించుడు. దానిని బట్టి రైతు రెండు దినములు ముందుగా మడి తీసి యూరియా చల్లుకొనును. చాటింపులో ఏ తూమునకు ఏ పూట నీరు వచ్చునో కూడ చెప్పించుడు.