గృహయంత్రములు: ఒరిగిన దండెము

గత మాసమున తిరుగలి చీలను గూర్చి వ్రాసితిని. ఈ మాసమున మన తలలపై వ్రేలాడుచు, తెగిపడునంతవరకు ఎవ్వరి కంటను పడని గిలకదండెమును గూర్చి వ్రాయుచున్నాను. వంటయింటి వెనుక వసారాలో పైకప్పునకు గిలకలు బిగించి, త్రాళ్లతో దించుచు ఎత్తుచు బట్టలారవేయు స్టీలు కడ్డీల సంగతియే యిది.

మా పటేల్‌గూడలో పాతయిండ్లకు పెరడుండెను. పెరటిలో రెండు గుంజలకు కట్టిన దండెముండెను. నేడు అమీన్‌పురము మొదలు సుల్తాన్‌పురము వరకు లేచిన అంతస్తుల యిండ్లకు పెరడు లేదు, నాలుగడుగుల వసారా మాత్రము కలదు. మేడపై ఆరవేయుదమన్న, చుట్టుప్రక్కల పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము కర్మాగారములు. ఆ పారిశ్రామికవాడల కాలుష్యమును గూర్చి 1990వ సంవత్సరముననే సర్వోన్నత న్యాయస్థానమునకు వ్యాజ్యము వెళ్లినది. రాత్రి మేడపై విడిచిన తెల్లచీర తెల్లవారునప్పటికి ఏ వాసన పట్టునో తెలియుటకు న్యాయస్థానము దాక పోనక్కరలేదు, మా వీధి యిల్లాండ్ర నడిగిన చాలును. కావున వానలున్నను లేకున్నను గిలకదండెమే మాకు దిక్కు.

గడచిన వర్షాకాలమున మా భవనమునందే ఒక యింట ఈ దండెము ఊడిపడినది. ఆ యింటి పెద్దమ్మగారు దాని క్రిందనే కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచుండిరి. తడిచిన దుప్పటితోను, గిలకతోను, పైకప్పు పెచ్చుతోను కడ్డీ ఆమె మోకాలికి మూరెడు దూరమున పడినది. నిచ్చెన వేసి చూడగా, బిగించినవాడు అందముకొరకు అమర్చిన జిప్సము పలకకే మరమేకులు కొట్టి పోయినట్లు తేలినది. ఆ పలక తన బరువును తాను మోయుటకే యున్నది గాని పరుల బరువును మోయుటకు గాదు. దానిపైనున్న కాంక్రీటు శ్లాబునకు, లోపల విచ్చుకొను ఇనుప బోల్టులతో బిగింపవలెను. క్రిందికి లాగు బరువునకు ప్లాస్టిక్ గుళ్లలు కాలక్రమమున జారును.

ఇంతకును ఏ గిలకపై ఎంత బరువు పడునో మనలో అనేకులు ఆలోచింపలేదు. మా వారు బడిలో పిల్లలకు గిలకపాఠము చెప్పుచు, అది శ్రమను తగ్గించునని చెప్పిన దినమున మా యింట కొంత వాదము జరిగినది. నూతిపై కదలక నిలిచియున్న గిలక బరువును వీసమంతయు తగ్గింపదు. వంగి పైకి తోడవలసినదానిని నిలిచి క్రిందికి లాగుటగా మార్చును, అంతియే. ఘటీయంత్రమును అమరసింహుడు పేర్కొనెను. మృచ్ఛకటిక కర్త నాటకాంతమున నూతియంత్రపు కుండలతో లోకగతిని పోల్చెను. గిలక పైకొయ్య ఎంత మోయునో ఏ కవియు పట్టించుకొనలేదు.

లెక్క చూడుడు. ఒక కడ్డీ, దానిమీది తడిబట్టలు కలిసి ఆరు కిలోలనుకొందము. రెండు కొనలకు రెండు త్రాళ్లు, ఒక్కొక్కదానిపై మూడు కిలోలు. ఎడమకొన త్రాడు పైకి పోయి ఒంటిగిలక మీదుగా తిరిగి, కప్పు వెంట అడ్డముగా సాగి, కుడివైపు జంటగిలకను చేరును. కుడికొన త్రాడును ఆ జంటగిలకకే వచ్చును. రెండును అచ్చటనుండి గోడకొక్కెమునకు దిగును. ఒంటిగిలకను క్రిందికి లాగునది మూడు కిలోలు. జంటగిలకనో, కుడిత్రాడు ఇరువైపుల మూడేసి చొప్పున ఆరును, ఎడమత్రాడు దిగువైపున మూడును, వెరసి తొమ్మిది కిలోలు లాగును. గిలకల రాపిడిని లెక్కలో విడిచితిని. ఆరు కిలోల బట్టలకు కప్పు మోయునది పండ్రెండు కిలోలు. అందు మూడువంతులు ఒక్క జంటగిలకదే. కావున ఏడాదికొకమారైనను నిచ్చెన నెక్కువారు మొదట చేయిపెట్టి కదిపి చూడవలసినది గోడచెంతనున్న ఆ జంటగిలక బోల్టులనే. పైన చెప్పిన యింట ఊడినదియు అదియే.

ఇక ఒరుగుటను గూర్చి. క్రొత్తగా అమర్చినప్పుడు సమముగానున్న కడ్డీ కొన్ని నెలలకు ఒక కొన వ్రాలును. బట్టలన్నియు ఆ మూలకు జారి ముద్దయై, ఆరక ముక్కవాసన కొట్టును. వ్రాలునది సాధారణముగా గోడకు దూరపు కొనయే. ఏలయన ఆరడుగుల కడ్డీ కప్పు దాపునకు ఎత్తబడియున్నప్పుడు దగ్గరి త్రాడు ఆరడుగులున్నచో దూరపు త్రాడు పండ్రెండడుగులుండును. ఒకే బరువుకు రెట్టింపు పొడవు రెట్టింపు సాగును. నైలాను త్రాడైనచో తడికి మరికొంత సాగును. పాలియెస్టరు త్రాడు అంతగా సాగదు. నూలుత్రాడు తడిసిన కురచయగును.

అయితే ప్రతి ఒరుగుటకును సాగుటయే కారణము గాదు. కడ్డీని వట్టిగా ఒకమారు పైకెత్తి, ఒకమారు దించి చూడుడు. ఎత్తునపుడును దించునపుడును ఆ కొనయే అంతే తేడాతో క్రిందనున్నచో త్రాడు సాగినది. ఎత్తునపుడు వెనుకబడి, దించునపుడు పైననే నిలిచిపోయినచో త్రాడుది దోషము గాదు, ఆ వైపు గిలక తిరుగుట లేదు. గాడినుండి త్రాడు తప్పి చక్రమునకును ప్రక్కరేకునకును నడుమ ఇరికియుండును, లేదా ఇరుసు త్రుప్పుపట్టియుండును. గిలక క్రింద నేలపై తెల్లని నూగు రాలుచున్నచో త్రాడు కోసుకొనిపోవుచున్నదని నిశ్చయింపుడు. అట్టి త్రాడును సవరింపరాదు, మార్చవలెను. ఈ భేదము తెలియక ముడులు మార్చి మార్చి విసిగినవారిని చాలమందిని చూచితిని.

సాగినదే యైనచో పని సులభము. బట్టలన్నియు తీసి, కడ్డీని అందినంత క్రిందికి దింపుడు. నేలనుండి కొలవకుడు, వసారా నేల నీరుపోవుటకై తూమువైపు వాలియుండును. మేస్త్రి రసమట్టము దొరకినచో కడ్డీపై నుంచుడు, లేకున్న మూత బిగించిన సగము నీటిసీసాను పరుండబెట్టిన చాలును. వ్రాలిన కొన ముడి విప్పి, ఎంత వ్రాలినదో అంత త్రాడు లాగి తిరిగి ముడివేయవలెను. నైలాను నున్నన గనుక ఒంటిముడి జారును. ఎనిమిది అంకె వలె మెలిపెట్టి వేసిన ముడి నిలుచును. కొనను దీపముపై కరగించినచో పేలికలు విడవు. క్రొత్తత్రాడు వేసినవారు ఒక రాత్రి సగము నీళ్ల బకెట్లను రెండింటిని ఇరుకొనలకు, నేలకు జానెడెత్తున వ్రేలాడగట్టి, సాగవలసినంత సాగనిచ్చి, మరునాడు ముడి సరిచేయుదురుగాక. దీనికై వడ్రంగిని పిలిచి ఐదువందలిచ్చుట నాకు నచ్చదు.

ఈ సంగతి మా పినతల్లి కుమార్తెకు సముద్రముల కావల ఉపకరించినది. ఆమె కుటుంబము అమెరికాలో సెలవులకు అడవులలో విడియుటకై మడతబండి నొకదానిని కొన్నది. మోటారుకారు వెనుక తగిలించుకొని పోవుదురు. నిలిపినపిదప చేతిమర త్రిప్పగా కప్పు నాలుగు కంబములపై లేచి, చుట్టును గుడ్డగోడలు విచ్చుకొని గదియగును. “అక్కా, మూడు మూలలు లేచినవి, నాలుగవది నాలుగంగుళములు వెనుకబడినది” అని ఫోనులో చూపినది. కప్పు ఇద్దరు ముగ్గురు కూడి మోయవలసినంత బరువు. క్రింద ఆమె పిల్లలు ఆడుకొనుచుండిరి. పిల్లలను ముందు ఇవతలికి పిలువుమంటిని.

ఆ యెత్తుయంత్రమును ఇండియానా రాష్ట్రమందలి గోషెన్ పట్టణపు పేరుతో పిలుతురు. మర త్రిప్పిన ఇనుపతీగ పీపాకు చుట్టుకొని, బండి అడుగున ఒక పలకను లాగును. ఆ పలకనుండి నాలుగు తీగలు నాలుగు మూలలకు గిలకల మీదుగా పోయి, కంబములలోని దట్టపు తీగచుట్టలను పైకి నెట్టును. దూరపు మూలల తీగలు పొడవు గనుక మన దండెపు త్రాటివలెనే అవియు ఎక్కువ సాగును. సవరించు తావు పలకవద్ద తీగల కొనలనున్న నట్టులు.

పరీక్షయు మన పరీక్షయే. ఆమె ఎత్తి దించి చూడగా ఆ మూల రెండుమారులును అంతే క్రిందనుండెను గనుక తీగ సాగినదని తేలినది. దించునపుడు పైన నిలిచియుండినచో కంబమును తుడిచి, జిడ్డులేని సిలికాను పూయుమని చెప్పియుందును. గ్రీజు ధూళిని పట్టి మరింత బిగించును. నట్టులను ముట్టకముందు బండిని సమతలమున నిలిపి, కప్పును పూర్తిగా దింపి తీగలను వదులు చేయవలెను. పైన నుంచియే క్రింద పనిచేయవలసివచ్చిన, నాలుగు మూలల గట్టి కొయ్యలు పోటు పెట్టక తల దూర్పరాదు. నట్టును రెండు మూడు చుట్లకంటె మిక్కిలి త్రిప్పక, ప్రతిమారును ఎత్తి చూడవలెను. కొన్ని బండ్లకు మూలనొక సన్నని తీగ కట్టియుండును; అది బిగిసినంతనే మర నిలుపవలెను. వెనుకబడిన మూలకొరకై ఇంకను త్రిప్పినచో తక్కిన మూడు తీగలును తెగు గండమునకు వచ్చును. తీగ పోగులు లేచియున్న, సవరించుట మాని క్రొత్తది వేయింపవలెను.

ఆమె పెనిమిటి ఆదివారమున పలుమారులు నట్టు త్రిప్పి, నాలుగంగుళములను అర అంగుళమునకు తెచ్చెను. “ఆ అరయంగుళము కూడ తీయుదునా అక్కా?” అని అడిగినది. తలుపు రాపిడిలేక పడుచున్నదా యని అడిగితిని, పడుచున్నదనినది. అట్లయిన నట్టును ముట్టవద్దని చెప్పితిని.

వచ్చు మాసమున కుక్కరు మూత రబ్బరును గూర్చి వ్రాసెదను.