పొడి దువ్వెన మానండి, రీబాండింగ్ సంగతి తర్వాత

ఈసారి జుట్టు గురించి రాస్తున్నాను. అరవై నాలుగేళ్ళ వయసులో ఈవిడకి జుట్టు గొడవ ఏమిటి అని మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. ఇది నా జుట్టు కథ మాత్రమే కాదు. పన్నెండేళ్ళ మా మనవరాలి కథ కూడా. అందులో తప్పు నాది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉంగరాల జుట్టున్న పిల్లని రీబాండింగ్‌కి తీసుకెళ్ళే ముందు, ఆరు నెలలు ఆ జుట్టుని దానికి తగ్గట్టు చూసుకోండి. ఆ ఆరు నెలలూ ఇంట్లో ఎవరూ ఆ జుట్టుని తిట్టకండి. మొదటిది సులువు. రెండోదే కష్టం.

మేం ఉండేది జురాంగ్ ఈస్ట్‌లో. శుక్రవారాలు ఇక్కడి అరుళ్మిగు మురుగన్ ఆలయంలో సేవకి వెళ్తాను. పూలు కడతాను, వంటగదిలో కూరగాయలు తరుగుతాను. స్కూలు సెలవులైతే మనవరాలు కూడా నాతో వస్తుంది. దాని జుట్టు అచ్చం నా జుట్టే. మా అబ్బాయికి రాలేదు, దానికి వచ్చింది.

పోయిన ఏడాది ఒక శుక్రవారం గుడికి బయల్దేరుతున్నాం. జడ వేశాను. అయినా నుదుటి మీద ముంగురులు లేచి నిలబడ్డాయి. టైం అయిపోతోంది. అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని వాటిని గట్టిగా అదిమేశాను. "దయ్యంలా ఉన్నావు, గుడికి ఇలాగేనా వచ్చేది?" అన్నాను. అది ఏమీ అనలేదు. నేను మర్చిపోయాను.

పీఎస్‌ఎల్‌ఈ పరీక్షలు అయ్యాక ఏం బహుమతి కావాలి అని మా అబ్బాయి అడిగాడు. కొత్త ఫోను అడుగుతుందనుకున్నాం. రీబాండింగ్ చేయించమంది. ఎందుకమ్మా అంటే ఇంగ్లీషులో గబగబా ఏవో కారణాలు చెప్పింది. మధ్యలో ఒకే ఒక్క తెలుగు మాట వచ్చింది. "దయ్యం."

దానికి వచ్చిన తెలుగు చాలా కొంచెం. ఆ కొంచెంలో నేను ఇచ్చిన మాట అది. నేను రెండేళ్ళుగా అక్షరాలు దిద్దుకుంటూ, ఒత్తులు నేర్చుకుంటూ, మనవరాలికి తెలుగు అందించాలి అని అందరికీ చెబుతున్నాను. అందించింది ఇదా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిజానికి నాకు కూడా ఇలాగే అందింది. మా అమ్మమ్మ మలాయాలో, పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతోలో కొబ్బరి తోటల మధ్య పెరిగింది. వాళ్ళ పెద్దలు విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చినవాళ్ళు. ఆవిడ జుట్టు అనేది కాదు, జుత్తు అనేది. ఆదివారం ఉదయం నన్ను రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని పొడి జుత్తుని సన్న దువ్వెనతో దువ్వేది. నేను ఏడిస్తే "ఏం జుత్తే ఇది, చీపురుకట్ట!" అనేది. ప్రేమ ఉంది. నొప్పి కూడా ఉంది.

బడిలో వేరే కథ. నాది ఇంగ్లీషు మీడియం, రెండో భాష మలయ్. అప్పుడు మాకు బడిలో తెలుగు లేదు. మలయ్‌లో జుట్టుని రాంబుత్ అంటారు. రంబుటాన్ పండుకి ఆ పేరు వచ్చింది ఆ మాట నుంచే, పండు మీద జుట్టులా ఉంటుంది కాబట్టి. ఇక నా పేరు ఏమైందో మీరే ఊహించుకోండి. ఆరేళ్ళు నేను రంబుటాన్‌ని.

ఆ రోజుల్లో సింగపూర్‌లో జుట్టు అంటే పెద్ద విషయమే. 1970లలో పొడుగు జుట్టున్న మగవాళ్ళ పని చివర చూస్తాం అని ప్రభుత్వ కార్యాలయాల్లో పోస్టర్లు ఉండేవి. ఆ నియమం మగవాళ్ళకే. కానీ అణిగి ఉన్న జుట్టే మర్యాద అని మేం అందరం నేర్చుకున్నాం. అందుకే నలభై దాటాక చేతిలో కొంచెం డబ్బు ఆడగానే నేను రీబాండింగ్‌కి వెళ్ళాను. అలా దాదాపు ఇరవై ఏళ్ళు వెళ్ళాను.

రీబాండింగ్ ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఎందుకంటే నాకు కూడా ఈమధ్యే అర్థమైంది. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. దాని ఆకారాన్ని లోపల గంధకం బంధాలు పట్టి ఉంచుతాయి. మొదటి మందు ఆ బంధాల్లో కొన్నిటిని తెంచుతుంది. తర్వాత వేడి ఇస్త్రీతో వెంట్రుకని తిన్నగా చేస్తారు. రెండో మందు ఆ తిన్నని ఆకారంలోనే బంధాలని మళ్ళీ కలుపుతుంది. బాగానే ఉంటుంది. కానీ కుదురు మారదు. కొత్తగా వచ్చే జుట్టు మళ్ళీ ఉంగరాలుగానే వస్తుంది. మూడు నాలుగు నెలలకి పైన ఉంగరాలు, కింద గీతలు. అందుకే మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. పన్నెండేళ్ళకి మొదలుపెడితే ఎన్నిసార్లు వెళ్ళాలో లెక్క వేసి చూడండి.

నేను అబ్బాయిని, కోడలిని ఒక్కటే అడిగాను. ఆరు నెలలు ఆగండి, ముందు నా తల మీద ప్రయత్నిస్తాను అన్నాను. మనవరాలు ఒప్పుకుంది. బహుశా నా అవస్థ చూడాలని కావచ్చు.

మొదటి నెలలో నేను ఒక తెలివితక్కువ పని చేశాను. ఇంటర్నెట్‌లో చూసి ఏడు సీసాలు కొన్నాను. ఒక్కటీ పనిచేయలేదు, ఎందుకంటే రోజూ పొద్దున్నే పొడి జుట్టుని దువ్వడం నేను మానలేదు. ఉంగరాల జుట్టుకి పొడి దువ్వెనే మొదటి శత్రువు. తల మీద పుట్టే సహజమైన నూనె తిన్నని వెంట్రుక మీద సులువుగా కిందికి జారుతుంది. వంకరల మీద జారలేదు. అందుకని మన జుట్టు కొసలు ఎప్పుడూ ఎండి ఉంటాయి. ఎండిన జుట్టుని దువ్వితే ఒక ఉంగరంగా కలిసి ఉన్న వెంట్రుకలు విడిపోతాయి, రాసుకుంటాయి, తెగుతాయి, పొంగుతాయి. అది చూసి మనం జుట్టుని తిడతాం. తిట్టాల్సింది దువ్వెనని.

ఇప్పుడు నేను చేసేది ఇది. వారానికి రెండుసార్లు తలస్నానం. షాంపూ తల చర్మానికే, కొసలకి కాదు. తర్వాత కండిషనర్ ధారాళంగా. అది జుట్టు మీద ఉండగానే ముందు వేళ్ళతో, తర్వాత పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో చిక్కు తీస్తాను. కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్తాను. వారం మొత్తంలో దువ్వెన ముట్టుకునేది అప్పుడే. కడిగేశాక తువ్వాలుతో రుద్దను. పాత నూలు చీర ముక్కతో అద్దుతాను.

జుట్టు ఇంకా నీళ్ళు కారుతుండగానే అవిసె గింజల జెల్ రాస్తాను. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్ళు, సన్న మంట. కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగితే దించేసి వేడిగా ఉండగానే వడకట్టాలి. చల్లారితే వడకట్టలేరు, నేను ఒక గిన్నెడు అలా పారబోశాను. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయాలి. రాసుకున్నాక జుట్టుని కొసల వైపు నుంచి గుప్పిట్లోకి తీసుకుని పైకి నొక్కాలి. ఆ తర్వాత ఆరేదాకా ముట్టుకోకూడదు. ఇక్కడ గాలిలో తేమ ఏడాది సగటున 80 శాతం పైనే. ఫ్యాన్ కింద కూర్చున్నా నాకు రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు నేను తెలుగు చదువుకుంటాను. ఆరాక జెల్ గట్టిపడుతుంది. మెల్లగా నలిపితే మెత్తబడి ఉంగరాలు బయటికి వస్తాయి. రాత్రికి పాత పట్టు చీరతో కుట్టిన గలీబు మీద పడుకుంటాను. పట్టు మీద జుట్టు రాసుకోదు.

మరి అమ్మమ్మ కొబ్బరినూనె? అది తప్పు కాదు. 2003లో రేలే, మోహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. జుట్టులోంచి ప్రోటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. తలస్నానానికి ముందు నూనె పెట్టడం ఆవిడ ఏ పరిశోధన చదవకుండానే చేసింది. ఆవిడ చేతిలో నూనె సరైనదే, దువ్వెనే సరికాదు. పెద్దవాళ్ళు చెప్పింది మొత్తం పారేయనక్కర్లేదు, మొత్తం మోయనక్కర్లేదు.

గుడి సంగతికి వస్తాను. నాతో సేవ చేసే ఒకావిడ అడిగారు, "జుట్టు విరబోసుకుని గుడికి రాకూడదు కదండీ, మరి ఈ ఉంగరాలు ఎలా?" అని. మంచి ప్రశ్న. నేను కూడా చాలా ఏళ్ళు ఈ రెండిటినీ కలిపేసుకున్నాను. విరబోసుకోవడం వేరు, ఉంగరాలు ఉండడం వేరు. వంటగదిలో వెంట్రుక పడకూడదు, కాబట్టి ముడి వేసుకోవాలి. ఆ నియమం నాకు ఇష్టమే. గురువారం సాయంత్రం తలస్నానం చేసి, పూర్తిగా ఆరాక, శుక్రవారం వదులుగా ముడి వేసుకుంటాను. జుట్టు కట్టుకోమని మన ఆచారం చెప్పింది. తిన్నగా ఉండమని ఎక్కడా చెప్పలేదు.

ఇంకొకటి చూడండి. పటంలో బాలకృష్ణుడి ముంగురులు చూసి ఎంత ముద్దుగా ఉన్నాడో అంటాం. పక్కన నిలబడ్డ పిల్ల ముంగురులని నూనె పోసి అదుముతాం. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేటప్పుడు మీవి ఉంగరాలా, తిన్ననివా అని స్వామి అడగడు. మరి మనకెందుకు?

నాతో ఒప్పుకోనివాళ్ళు ఉంటారు. జుట్టు ఎవరిది వాళ్ళ ఇష్టం, రీబాండింగ్ చేయించుకుంటే తప్పేమిటి అంటారు. పెద్దవాళ్ళకి అయితే ఏ తప్పూ లేదు. ఇరవై ఏళ్ళు చేయించుకున్న నేను ఏ మొహంతో తప్పంటాను? కానీ పన్నెండేళ్ళ పిల్ల అడిగినప్పుడు, ఆ కోరిక దానిదా, మన నోటి మాటదా అని ఒకసారి చూసుకోవాలి. తన జుట్టు బాగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడని పిల్ల దేన్ని వద్దనుకుంటోంది?

తీరిక ఎక్కడుంది అని కూడా అంటారు. నిజమే, స్కూలు రోజుల్లో రెండు గంటలు ఆరబెట్టడం కుదరదు. మేం శనివారం సాయంత్రం ఒకసారి, బుధవారం రాత్రి భోజనానికి ముందు ఒకసారి పెట్టుకున్నాం. స్కూలుకి వదులు జడ. ఖర్చు చెప్పాలంటే ఒక కండిషనర్, ఒక దువ్వెన, అవిసె గింజలు. ఆ ఏడు సీసాలు నా మూర్ఖత్వం, వాటిని లెక్కలో వేయకండి.

ఇప్పుడు ఐదో నెల. నా తల మీద కింద సగం పాత రీబాండింగ్, పై సగం తెల్ల ఉంగరాలు. అందంగా ఉందని చెప్పను. మనవరాలి జుట్టు మాత్రం మూడో వారానికే తిరిగింది. పోయిన శనివారం అద్దం ముందు ఒక ఉంగరాన్ని వేలితో లాగి వదిలింది. అది స్ప్రింగ్‌లా వెనక్కి వెళ్ళింది. "మామ్మా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. ముంగురు అన్నాను. రెండుసార్లు పలికింది. రీబాండింగ్ గురించి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఆరో నెల అయ్యాక కూడా కావాలంటే నేనే తీసుకెళ్తాను, మాట ఇచ్చాను. కానీ దానికి ఇప్పుడు తన జుట్టు గురించి రెండు తెలుగు మాటలు తెలుసు. మొదటిది వెనక్కి తీసుకోలేను. రెండోదాన్ని మాత్రం రోజూ వాడుతున్నాను.

ఎప్పటిలాగే, ఈసారి నేర్చుకున్న మాటలు:

ఉంగరాల జుట్టు: ఉంగరంలా గుండ్రంగా చుట్టుకునే జుట్టు. రింగుల జుట్టు అని కూడా అంటారు.
నొక్కుల జుట్టు: అలల్లా వంపులు తిరిగే జుట్టు. పూర్తిగా చుట్టుకోదు.
ముంగురులు: ముందు, కురులు కలిసిన మాట. నుదుటి మీద పడే జుట్టు.
చిక్కు తీయడం: ముడిపడినదాన్ని విడదీయడం. జుట్టుకీ, దారానికీ, సమస్యకీ ఇదే మాట.
అలక: మనకి తెలిసిన అర్థం కోపంతో ముడుచుకోవడం. సంస్కృతం నుంచి వచ్చిన అలకలు అంటే మాత్రం ముంగురులు. మా ఇంట్లో రెండూ ఉన్నాయి.
తలనీలాలు: దేవుడికి మొక్కు చెల్లించే జుట్టు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు మీ జుట్టుని ఏ మాటతో పిలిచేవారు? ఒకసారి గుర్తు చేసుకోండి. అది మీ పిల్లలకి ఇవ్వదగ్గ మాట అయితే ఇవ్వండి. కాకపోతే ఇంకో మంచి మాట వెతుకుదాం. తెలుగులో చాలా ఉన్నాయి.