తడి వేలికి పలకని ఫోన్
శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో వాన పడేటప్పుడు చూడండి: క్యాబ్ డ్రైవర్ బొటనవేలు చొక్కాకి తుడుచుకుంటాడు, స్క్రీనూ తుడుస్తాడు, అయినా ఓటీపీలో 4 కొడితే 7 పడుతుంది. ఫోన్ పాడవలేదు, మాట వినడం లేదంతే. కంపెనీలేమో నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 పరీక్ష నెగ్గామని మురిసిపోతాయి. ఆ పరీక్షలో ఫోన్‌ని మంచినీళ్లలో ముంచి లోపలికి తడి చేరిందా అని చూస్తారు. తడి చేత్తో దాన్ని వాడి చూడరు. వేలు తగిలినచోట విద్యుత్ మార్పును పసిగట్టే స్క్రీన్, నీటిచుక్కనీ వేలే అనుకుంటుంది. అందుకే నా ఓటు మందపాటి రబ్బరు తొడుగుకి కాదు, పక్కన రెండు గట్టి బటన్లకి: ఒకటి కాల్ ఎత్తడానికి, ఇంకోటి ట్రిప్పు ఒప్పుకోడానికి. (పాత కీప్యాడ్ ఫోన్లని జనం ఊరికే తలుచుకోరు.) ఫోన్లు డిజైన్ చేసే బాబులూ, ఒక్క వానాకాలం సాయంత్రం ఈ పార్కింగ్‌కి రండి, గొడుగు లేకుండా.