శాకాహారి చేపలు

మా బావమరిదికి రేపల్లె దగ్గర చేపల చెరువు వుంది. నిరుడు వానల్లో తెనాలిలో రైలెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. ఆ లైనుకు రేపల్లే ఆఖరు గనుక నాలాటి నిద్రమొహాలకు భయం లేదు. వసారాలో అడుగు పెట్టగానే పదిహేను బస్తాల వేరుశనగ చెక్క, దాని ముందు దిగాలుగా మా వాడు.

“సగం ధరకు వస్తుంటే కొన్నాను బావా!” అన్నాడు.

ఒక బస్తా విప్పి చూద్దును గదా, గుప్పున ముక్కవాసన. చెక్కమీద పచ్చగా బూజు.

చేపలకు చెక్క ఏమిటని మీలో కొందరికి అనుమానం రావచ్చు. పెద్దచేప చిన్నచేపను మింగుతుందన్న మాట అన్ని చేపలకూ చెల్లదు. మన చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నీటిలో పుట్టే నలుసులతో పాటు తవుడూ చెక్కా తిని పెరుగుతాయి. గడ్డిచేప సంగతి సరే, పేరులోనే వుంది. ధాన్యం మిల్లులో వచ్చిన తవుడు నిలవుంటే ముక్కిపోతుంది. అందుకని నూనె తీసిన తవుడే మేతకు ఎక్కువగా వాడతారు. దానిలో చెక్క కలిపి, గోతాలకు అడుగున చిల్లులు పొడిచి, నీటిలో పాతిన వెదురు గడలకు కట్టేస్తారు. చేపలు వేళ తప్పకుండా వచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కు తింటాయి. పెళ్ళిలో మొదటి బంతికి జనం రావడం మీరు చూసే వుంటారు!

చెరువు ఖర్చులో సగానికి పైగా ఈ మేతకే పోతుంది. పైగా ఆ ఏడు మా వాడి కూతురి కాలేజీ ఫీజు కూడా ఈ చేపలే కట్టాలి. చవక చెక్కకు ఆశపడ్డాడంటే తప్పు పట్టలేను.

“ఎండలో ఆరబెడితే బూజు పోదా?”

“బూజు పోతుంది, విషం పోదురా” అన్నాను.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చాయి. ఆరా తీస్తే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండికి పట్టిన బూజు చేసిన పని అది. ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అమెరికాలో పెంపకపు ట్రౌట్ చేపలకు కాలేయంలో కంతులు లేస్తే, అక్కడ పత్తిగింజల పిండిలోనూ ఇదే బయటపడింది. బూజు పట్టిన ప్రతి చెక్కలోనూ విషం వుంటుందని కాదు. వున్నదీ లేనిదీ కంటితో తేల్చలేము.

పోనీ, చెక్క మానేసి అజొల్లా పెంచితేనో అన్నాడు. మంచిదే. కాని పచ్చి అజొల్లా వంద కిలోలు ఎండితే పది కిలోలైనా మిగలదు, తక్కినదంతా నీరే. తొట్టిలో పెంచింది కోళ్ళకు సరిపోతుందేమోగాని చెరువుకు ఏ మూలకు? పత్తిగింజల చెక్క గుంటూరు సీమలో దొరుకుతుంది. దానిలో గాసిపాల్ అనే మరో విషం వుంటుంది గనుక కొద్దిపాలు కలపాలి. సోయా చెక్కయితే బాగా వేగినదై వుండాలి; పచ్చిది అరుగుదలకు అడ్డు. చెప్పవచ్చేదేమంటే, ఏ ఒక్క చెక్కమీదా భారమంతా వెయ్యకూడదు.

ఇంతలో మా అత్తగారు తలుపు చాటునుంచి, “చేపలకు కాకపోతే గేదెకు పెడదాం అల్లుడుగారూ, పారెయ్యడమెందుకు?” అన్నారు.

నాకు గుండె ఝల్లుమంది. ఆ గేదె పాలే ఇంట్లో పసివాడు తాగేది. చెక్కలోని విషం పశువు కడుపులో కొంత మారి పాలలోకి వస్తుంది. కాచినంత మాత్రాన పోదు. ఆ మాట చెప్పేసరికి ఆవిడ మారు మాట్లాడలేదు.

“అమ్మినవాడికే తిరిగి ఇచ్చేస్తే?” అన్నాడు మా వాడు.

“తీసుకుంటాడు. రేపు ఇంకొకరికి అమ్ముతాడు.”

సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది. చెరువుకు దూరంగా గొయ్యి తవ్వించి పదిహేను బస్తాలూ పూడ్పించాడు. మర్నాడు గోతాల్లో నూనె తీసిన తవుడు, దానిలో కొద్దిగా పత్తిగింజల చెక్క. రెండు గంటలయ్యాక పడవ మీద వెళ్ళి తడిమి చూశాడు. “ఖాళీ బావా!” అని గట్టుమీద వున్న నాకు కేకేశాడు. ఫీజు కట్టడానికి మాత్రం ఇంకా నెలరోజులే గడువు వుంది.