తేలిక, చులకన

తెలుగులో 'చులకన' అన్న మాట రెండు పనులు చేస్తుంది. బరువు లేనిదీ చులకనే, విలువ లేనిదీ చులకనే. 'పలచన' కూడా అంతే: మజ్జిగ పలచనవుతుంది, నలుగురిలో మనిషీ పలచనవుతాడు. బరువుకూ విలువకూ ముడిపెట్టే ఈ అలవాటు మన భాషకే పరిమితం కాదు. జర్మనీలో మోజెల్ నది, దాని ఉపనది సార్ లోయల్లో రీస్లింగ్ ద్రాక్షతో చేసే తేలికపాటి తెల్ల వైన్ నూరేళ్ల కథ ఆ ముడి చుట్టూనే తిరిగింది. ఆ వైన్ చేసే చిన్న రైతుకు పడ్డ కష్టానికి తగిన ధర రాకపోవడానికి, ఏటవాలు తోటలు ఒక్కొక్కటిగా ముళ్లపొదల పాలవడానికి కూలీల కొరత, పిల్లలు ఊరు వదలడం వంటి కారణాలు చాలానే చెబుతారు. అవన్నీ నిజమే. కానీ వాటన్నిటి వెనక మరొకటుంది. తేలికగా ఉన్న రుచిని ఏదో తక్కువైన రుచిగా లెక్కకట్టడం అది. ఈ లెక్క తప్పని, ఆ తప్పుకు మూల్యం చెల్లించేది రైతేనని నా వాదన.

ముందు గ్లాసులో ఏముందో చూద్దాం. కబినెట్ అనే తరగతి రీస్లింగ్ వైన్ పోస్తే దాదాపు నీళ్లలా ఉంటుంది. వెలుతురుకు పట్టి చూస్తే అంచున లేతాకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. కొత్త సీసా అయితే గ్లాసు గోడకు సన్నని బుడగలు నాలుగైదు అంటుకుని ఉంటాయి. పులిసేటప్పుడు పుట్టిన వాయువు కొంత అందులోనే మిగిలిపోవడం వల్ల వచ్చే బుడగలవి. పచ్చి ఆపిల్, నిమ్మతొక్క వాసనలు వస్తాయి. నోట్లో పడగానే ముందు తగిలేది పులుపు. నాలుక రెండు పక్కలా జివ్వుమని, దవడల కింద నీరూరుతుంది. తీపి ఆ తర్వాత, పులుపు భుజమ్మీద కూర్చుని వస్తుంది. లీటరుకు 40 గ్రాముల చక్కెర ఉన్నా అంత ఉందని నాలుకకు తోచదు, ఎనిమిది తొమ్మిది గ్రాముల ఆమ్లం దాన్ని మోస్తుంది కనుక. ఆల్కహాలు ఎనిమిది శాతం అటూ ఇటూ. ఎండ కాసే దేశాల ఎర్ర వైన్లలో అది 14 శాతం దాకా ఉంటుంది. ద్రాక్షరసం పూర్తిగా పులిస్తే చక్కెరంతా ఆల్కహాలవుతుంది. ఇక్కడ పులియడం సగంలో ఆగుతుంది. చల్లని నేలమాళిగలో తనంతట తాను ఆగడమో, రైతు చల్లబరచి గంధకం వేసి ఆపడమో జరుగుతుంది. తెల్లవారుజామున దించిన కల్లుకూ మిట్టమధ్యాహ్నపు కల్లుకూ తేడా ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. మన వంటలో ఈ వైన్‌కు సాటి చారు. చిక్కటి పులుసులో ఉప్పు కాస్త ఎక్కువైనా బెల్లమో పిండో కప్పేస్తుంది, చారులో పోపు ఒక్క క్షణం మాడినా తెలిసిపోతుంది. కొత్త ఓక్ చెక్క వాసన, ఆల్కహాలు వేడి, చిక్కదనం ఏవీ అడ్డు లేని ఈ వైన్‌లో కుళ్లిన గుత్తులు కలిసినా, పులియడం గతి తప్పినా నేరుగా నాలుకకు తగులుతుంది. తప్పు దాచుకునే చోటే లేదు.

ఆ తప్పు పడకుండా చూడటానికి పడే పాటు కొండమీద కనిపిస్తుంది. మోజెల్ ఒడ్డున బ్రెమ్ ఊరి దగ్గరి కాల్మాంట్ తోట వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. యూరప్‌లోకెల్లా నిట్టనిలువు తోటల్లో అదొకటి. అక్కడ ట్రాక్టరు ఎక్కదు. రంపపు పళ్లున్న పట్టా మీద పాకే చిన్న బండి ఒకటి మనుషుల్నీ గుత్తుల్నీ మోస్తుంది, మిగతాదంతా చేతి పనే. ఒక్కో తీగను ఒక్కో గుంజకు కట్టి, రెండు కొమ్మల్ని వంచి హృదయాకారంలో ముడివేయడం ఈ లోయ పాత పద్ధతి. నేలంతా పలకరాతి ముక్కలు. పగటి ఎండను పీల్చుకుని రాత్రికి వదులుతూ, చల్లని ఆ ప్రాంతంలో అక్టోబరు దాకా ద్రాక్ష పండడానికి సాయపడేవి అవే. వానకు జారిన రాళ్లను, మట్టిని వీపున మోసి మళ్లీ పైకి చేర్చడం తరతరాలుగా రైతులు చేసిన పని. చదును నేలలో యంత్రాలతో సాగే తోటకు పట్టే పనిగంటలకు ఇక్కడ మూడు నాలుగు రెట్లు పడతాయి. కోతకు పోలండ్, రొమేనియా కూలీలు రాకపోతే చాలా తోటల్లో గుత్తులు తీగ మీదే ఉండిపోతాయి. ఇంత శ్రమ పోసి తీసేది నీళ్లలా కనిపించే వైన్. గ్లాసులో బరువును బట్టి ధర కట్టేవారికి ఈ శ్రమ కనిపించే దారే లేదు.

సార్ నది పక్కలోయలో, కోన్ట్స్ పట్టణానికి దగ్గరగా, నీడర్‌మెన్నిగ్ ఊళ్లో ఉన్న హోఫ్‌గుట్ ఫాల్కెన్‌స్టైన్‌ను చూస్తే నా మాట ఇంకా స్పష్టమవుతుంది. 1985లో శిథిలావస్థలో ఉన్న ఆ ఎస్టేటును ఎరిష్ వేబర్ తీసుకుని నిలబెట్టారు. ఇప్పుడు కుమారుడు యోహానెస్ కూడా అందులోనే. వాళ్లు కొనితెచ్చిన ఈస్ట్ వేయరు. రసం ద్రాక్షతోటీ నేలమాళిగతోటీ వచ్చిన ఈస్ట్‌తోనే పులుస్తుంది. పాతబడి చెక్క వాసన పూర్తిగా పోయిన వెయ్యి లీటర్ల ఓక్ పీపాలే వాళ్ల పాత్రలు. ఆ పీపాను అక్కడ ఫూడర్ అంటారు. అన్నిటికంటే ముఖ్యం, ఒక పీపాను మరో పీపాతో కలపరు, దేనికదే సీసాల్లోకి ఎత్తుతారు. దీనివల్ల నష్టం ఉందని ఎవరైనా చెప్పగలరు. కలిపితే ఒక పీపాలోని పులుపును మరో పీపాలోని తీపి సరిదిద్దుతుంది, ప్రతి ఏడూ ఒకే రుచి అమ్మొచ్చు. కలపకపోతే ప్రతి పీపా తన గుణదోషాలతో తానే జనం ముందుకు రావాలి. తేలికను నమ్ముకున్న తయారీదారు ఇంతకంటే నిజాయితీగా ఉండలేడు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ లోయల మేటి వైన్లు పెద్ద హోటళ్ల జాబితాల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో మేటి వైన్ల పక్కన, వాటికి సమానమైన ధరతో నిలిచేవి. అంటే తేలికకు విలువ కట్టడం ఒకప్పుడు జనానికి తెలుసు. తర్వాత ఏమైంది? 1971 జర్మన్ వైన్ చట్టం రసంలోని చక్కెరను కొలిచి మెట్లు కట్టింది. చక్కెర ఎంత ఎక్కువైతే మెట్టు అంత పైన. పైనుంచి చక్కెర కలపడానికి వీల్లేని వైన్లలో అన్నిటికంటే కింది మెట్టు కబినెట్‌ది. చక్కెర బరువే యోగ్యత అని రాజ్యమే ముద్ర వేసిందన్నమాట. అదే చట్టం దేశంలో సుమారు ముప్పై వేలున్న తోటల పేర్లను కలిపేసి మూడు వేల లోపుకు తెచ్చింది. పేరున్న చిన్న తోట పేరును చుట్టుపక్కల పెద్ద విస్తీర్ణానికి తొడిగింది. ఫాల్కెన్‌స్టైన్ వాళ్లకు తీగలున్న క్రెట్నాఖ్ ఊరి ఓయ్‌కారియుస్‌బెర్గ్ తోటకు జరిగిందదే. అసలు పేరు తెచ్చిన పాత వాలు ఒక మూల, ఆ పేరు మోసే కొత్త నేల దానికి ఎన్నో రెట్లు. కొనేవాడికి సీసా మీది పేరు ఇక ఏమీ చెప్పదు. మోజెల్ పేరుతో పారిన చవక తీపి వైన్లు చిన్న రైతు ధరను తమతోపాటు కిందికి ఈడ్చాయి.

పలచనను లోపమనుకుంటే ఆ లోపాన్ని 'సరిచేసే' వాళ్లు పుట్టుకొస్తారు. 1985లో ఆస్ట్రియా వైన్లలో డైఎథిలీన్ గ్లైకాల్ బయటపడింది. పలచని వైన్‌కు చిక్కదనం, తీపి తెప్పించడానికే ఆ రసాయనాన్ని కలిపారు. కొందరు జర్మన్ వ్యాపారులు ఆ వైన్‌ను తమదానిలో కలిపినట్టూ తేలింది. పాపం చేసింది కొందరు, అనుమానం పడింది రెండు దేశాల రైతులందరి మీద. మన దగ్గర కల్లు కథ ఇంతకు భిన్నంగా లేదు. మోకు కట్టి చెట్టెక్కి గీసిన కల్లు తేలికైనది. కిక్కు చాలదన్న గిరాకీ ఉన్నచోట కల్లు కాంపౌండ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, ఆల్ప్రజోలం చేరాయి. తెలంగాణలో ఎక్సైజ్ దాడులు, ఆసుపత్రుల్లో చేరిన బాధితులు అందరికీ తెలిసినవే. తేలికైనదాన్ని తేలికగా ఉండనివ్వని సమాజంలో మొదట నష్టపోయేది చెట్టెక్కినవాడు, ఆ వెంటనే తాగినవాడు.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. వైన్ రుచుల మాటలన్నీ ఊహలేనని, కళ్లు మూస్తే ఎవరికీ ఏమీ తెలియదని అంటారు. దీనికి ఆధారాలూ ఉన్నాయి. 2001లో అచ్చయిన బోర్డో ప్రయోగంలో తెల్ల వైన్‌కు ఎర్ర రంగు కలిపి ఇస్తే వైన్ చదువు చదివే 54 మంది విద్యార్థులు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2008లో ఆరువేలకు పైగా రుచి పరీక్షలను కలిపి చూసిన అధ్యయనంలో, ధర తెలియనప్పుడు మామూలు జనం ఖరీదైన వైన్‌ను ఎక్కువగా ఇష్టపడలేదు. పలకరాయి రుచి వైన్‌లోకి వస్తుందన్న మాటనూ అలెక్స్ మాల్ట్‌మన్ వంటి భూగర్భ శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. రాయిలోని ఖనిజం వేరుగుండా గ్లాసులోకి రుచిగా చేరదంటారు. వీటిని నేను పూర్తిగా అంగీకరిస్తాను. రాయి చేసే పని వేడిని దాచడం, నీటిని జారవిడవడం. ఆ ప్రభావం పండు పక్వంలో కనిపిస్తే చాలు. అయితే ఆ ప్రయోగాలు రుజువు చేసింది రుచి లేదని కాదు, మన నాలుకను కన్నూ ధరా లాక్కుపోతాయని. నీళ్లలాంటి రంగు, ఎనిమిది అన్న అంకె చూసి 'ఇందులో ఏముంది' అనుకోవడం కూడా ఆ మోసానికి లోబడడమే. పులుపు, తీపి, ఆల్కహాలు ఊహలు కావు, కొలిచే పరిమాణాలు. వాటి పొందిక నాలుకకు తెలియడానికి పండితుడు కానక్కర్లేదు. మామిడికాయ పప్పులో పులుపు సరిపోయిందో లేదో చెప్పగలిగిన నాలుక చాలు.

వైనరీ చిన్నదైతే మంచిదేనా అన్న ప్రశ్నకు నా జవాబు సూటిగా కాదనే. అపరిశుభ్రమైన పీపాలో పాడైన వైన్‌ను 'సహజం' పేరుతో అమ్మే చిన్నవాళ్లున్నారు. రైతుల సహకార సంఘాలు శుభ్రమైన వైన్‌ను అందుబాటు ధరకు ఇస్తున్నాయి. చిన్న వైనరీకి నేనిచ్చే విలువ దాని పరిమాణానికి కాదు. నిట్టనిలువు వాలు మీద యంత్రం లెక్క కుదరదు కాబట్టి పెద్ద పెట్టుబడి అటు రాదు. ఆ తోట ఉంటే చిన్నవాళ్ల చేతుల్లోనే ఉంటుంది, వాళ్లు వదిలితే మరొకరు ఎత్తుకోరు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఆరోగ్యానిది. మద్యానికి సురక్షిత పరిమాణమంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. తేలిక వైన్ దీనికి మినహాయింపు కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై లేచి నిలబడ్డారు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం రావడానికి, 1997లో అది సడలినా ఆ ప్రశ్న చావకపోవడానికి వాళ్లే కారణం. ఆ గృహిణుల కన్నీటికి కబినెట్ సమాధానం కాదు. తాగనివాళ్లను తాగమనడం ఈ వ్యాసం ఉద్దేశమూ కాదు. తాగేవాళ్లు దేన్ని కొలబద్దగా పెట్టుకుంటున్నారన్నదే నా ప్రశ్న. మన ఊళ్లలో 'వైన్స్' బోర్డున్న దుకాణంలో ప్రధానంగా అమ్ముడయ్యేది బ్రాందీ, విస్కీ. వైన్ అన్న మాట కూడా కిక్కు కొలతలోనే కరిగిపోయింది. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో ఇరవై గ్రాముల ఆల్కహాలుంటుంది. ఎనిమిది శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో పది గ్రాములు కూడా ఉండదు. పైగా మొదటిది రెండు గుక్కల్లో అయిపోతే రెండోది భోజనం పొడుగునా సాగుతుంది. ఇది సురక్షితమని చెప్పే లెక్క కాదు. మత్తు కోసం తాగడం, రుచి కోసం తాగడం ఒకటేనన్న మాట నిలవదని మాత్రం చెబుతుంది.

ఇప్పుడు తేలికే అరుదవుతోంది. ఒకప్పుడు సార్ లోయలో ద్రాక్ష పండడమే గగనం. వాతావరణం వేడెక్కాక పండు తొందరగా చక్కెర నింపుకుంటోంది. కబినెట్ కావాలంటే రైతు ఆ కొండను సెప్టెంబరులోనే ఎక్కి, పులుపు జారిపోకముందే కోయాలని పట్టుబట్టాలి. మరోవైపు ముందే చిగురించిన తీగలను 2024 ఏప్రిల్ మంచు సార్ లోయలో కాల్చేసింది. ఇలాంటి ఏడాది చిన్న వైనరీకి పీపాలు కొన్నే నిండుతాయి. వాటి విలువ గుర్తించి కొనేవాడి మీదే అది బతకాలి. గుర్తించడానికి దారి సీసా మీదే ఉంది. సొంత తోట పండును సొంతంగా సీసాకెత్తితే 'గుట్స్‌ఆబ్‌ఫ్యూలుంగ్' అని రాస్తారు. కింద సన్నని అక్షరాల్లో ప్రభుత్వ పరీక్ష సంఖ్య ఉంటుంది. దాని చివరి రెండు అంకెలు పరీక్ష జరిగిన సంవత్సరం, వాటి ముందున్నవి ఆ వైనరీ ఆ ఏడు పరీక్షకు పంపిన వైన్ల వరుస సంఖ్య. ఫాల్కెన్‌స్టైన్ సీసాలు రెండు పక్కపక్కన పెట్టినప్పుడు తోట పేరూ తరగతీ పంట సంవత్సరమూ ఒకటే అయి, ఆ వరుస సంఖ్య ఒక్కటే మారితే, అవి రెండు వేర్వేరు పీపాలు, రెండు వేర్వేరు వైన్లు.